మంచు దేశపు తాతకు ఝరాసంగం రొట్టె

జహీరాబాదు చూడ్డానికని ఎవరూ పోరు. బొంబాయి రోడ్డు మీద పోయేవాళ్లు టీ తాగడానికి ఆగుతారు. ఫ్యాక్టరీ ఉద్యోగాలవాళ్లు జీతం కోసం వచ్చి ఉండిపోతారు. నేను పోయింది ఒక కథకు ముగింపు వెతుక్కోవడానికి. దొరికింది కాబట్టి రాస్తున్నాను. దొరక్కపోతే పోయొచ్చిన సంగతి కూడా మీకు చెప్పేదాన్ని కాదు.

మాది రేపల్లె పక్కన పల్లెటూరు. నా చిన్నప్పుడు సభలు జరిగితే ఎర్రజెండాలవాళ్లు పక్కన పుస్తకాల బల్ల పెట్టేవాళ్లు. రష్యా పిల్లల కథలు, తెలుగులో, దళసరి కాగితం మీద రంగు బొమ్మలతో. బఠాణీలు కొనే డబ్బుల్తో పుస్తకం వచ్చేది. మా అన్నయ్య చదువుతుంటే నేను బొమ్మలు చూసేదాన్ని. నన్ను బడికి పంపలేదు, అక్షరాలు రావు. కోడికాళ్ల మీద నిలబడ్డ గుడిసె, పొయ్యి వెనక గడ్డం పెంచుకుని కూచున్న ఇంటి తాత, చేలో నిలబడ్డ పొలం తాత, వీళ్లంతా నాకు మా చుట్టాల కంటే బాగా తెలుసు.

అరవై దాటాక, మావారు పోయాక, మా ఊరి గ్రంథాలయం వరండాలో ఒక టీచరమ్మ దగ్గర అక్షరాలు దిద్దాను. చదవడం వచ్చింది. తర్వాత రాయడం మొదలెట్టాను. ఈ వయసులో ఎందుకే అన్నవాళ్లకు, ఆ వయసులో మీరు నేర్పలేదు కనక అని చెప్పాను.

అలా రాసిందే ఒక చిన్న నవల. మంచు దేశంలో ఒక పల్లె. ఆ పల్లె పొలానికి ఒక తాత ఉన్నాడు. జుట్టంతా గడ్డి, ఒక కన్ను నీలం, ఒక కన్ను పచ్చ. పైరు పెరిగితే తానూ పెరుగుతాడు, కోత కోస్తే కొయ్యకాలంత అవుతాడు. ఊళ్లోవాళ్లు ఆయన వాటా పెట్టడం మానేశారు. ఆయన అలిగి అడవికి పోయాడు. పంటలు తాలుపోతున్నాయి. దార్య అనే పిల్ల, ఇంట్లో తమ్ముణ్ని వదిలి, అడవి దాటి, కోడికాళ్ల గుడిసె ముసలిదాని చేతికి చిక్కి, తప్పించుకుని, తాత ఉన్న చోటికి పోయి తిరిగి రమ్మని అడుగుతుంది. ఆయన అవునని అనడు, కాదని అనడు. పిల్ల ఇంటికొస్తుంది. పైరు పెరుగుతుంది, కోతవుతుంది. చివరి అధ్యాయంలో దార్య ఆఖరి గుప్పెడు పైరు కోయకుండా వదిలి, దాని ముందు రొట్టె పెట్టి తాతకు దండం పెడుతుంది.

విజయవాడలో చిన్నగా పుస్తకాలు వేసే ఒకాయన చదివాడు. వేస్తానన్నాడు. కానీ చివరి అధ్యాయం దగ్గర మెలికపెట్టాడు. "అమ్మా, అది పెళ్లివారు వెళ్లిపోయాక వడ్డించిన భోజనంలా ఉంది. పైగా పొలానికి రొట్టె పెట్టడం ఏంటండీ, ఎవరు నమ్ముతారు? ఈ నెలలోగా మార్చి పంపండి. లేకపోతే ఆ అధ్యాయం తీసేసి వేస్తాను" అన్నాడు.

నాకు డెబ్బై ఒకటి. ఇంకో నవల రాస్తానని నాకేం భ్రమలు లేవు. నేను వేసే పుస్తకం ఇదొక్కటే, దానికి తల తీసేసి వేస్తానంటే ఎట్లా ఊరుకుంటాను? మార్చాలని కూచుంటే మాత్రం మాట పడలేదు. సరిగ్గా అప్పుడే మా చెల్లెలు సుశీల ఫోన్ చేసింది. జహీరాబాదులో ఫ్యాక్టరీ పక్క కాలనీలో ఉంటుందది. "అక్కా, ఇక్కడ పుష్యానికి ముందొచ్చే అమావాస్యకి నిజంగానే పొలానికి అన్నం పెడతారే. నీ కథలో లాగే. వచ్చి చూడు" అంది.

పొలానికి అన్నం పెట్టేవాళ్లకే నా చివరి అధ్యాయం చదివి వినిపిస్తాను, వాళ్లు గనక నవ్వితే నా చేత్తో నేనే చింపేస్తాను అనుకుని బయల్దేరాను.

జహీరాబాదు చలి

బస్సు దిగ్గానే పళ్లు టకటక కొట్టుకున్నాయి. మాకు సముద్రం పక్కన డిసెంబరంటే ఫ్యాను తగ్గించుకోవడం. ఇక్కడ పగలే మఫ్లర్లు. సూట్‌కేసులో నాలుగు నేత చీరలు, ఒక తువ్వాలు తప్ప నాకేం లేవు. బస్టాండు ఎదురుగా టీకొట్టు నిప్పుల పక్కన నిలబడ్డాను. పది రూపాయల టీ, గుక్కెడు కంటే ఎక్కువ ఉండదు, చిక్కగా ఉంటుంది, తాగాక నాలిక మీద యాలకులు మిగులుతాయి.

"జర ఇటు జరుగున్రి అమ్మా, పొగ తాకుతది. ఏడికెల్లి వచ్చిన్రు?" అన్నాడు టీ పోసే ఆయన.

"రేపల్లె నుంచి."

"గదేడున్నది?"

"సముద్రం పక్కన."

"సముద్రం ఇడ్సిపెట్టి గీడికెందుకు వచ్చిన్రు?"

"మీరు పొలానికి అన్నం పెడతారట కదా, చూద్దామని."

ఆయన నవ్వుతాడనుకున్నా. గ్లాసులు కడుగుతూనే, "పెడ్తం. మీ దిక్కు పెట్టరా?" అన్నాడు.

"పెట్టం."

"మరి పొలం ఎట్ల ఊకుంటది?"

నేను విజయవాడ ఆయనకు చెప్పలేకపోయిన జవాబు ఈయన గ్లాసు కడుగుతూ చెప్పేశాడు. కానీ అది జవాబు మాత్రమే, అధ్యాయం కాదు. అధ్యాయం నేనే రాసుకోవాలి.

మా మరిది ప్రసాదరావు స్కూటరు మీద వచ్చాడు. మా చెల్లెలి మొగుడు, ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఇన్నేళ్ల చుట్టరికమైనా మా ఇద్దరికీ పడదు. ఆయన ఏది చెప్పినా కొలత వేసి చెబుతాడు, నేను ఏది చెప్పినా చేత్తో చూపించి చెబుతాను. నా సూట్‌కేసు ఎత్తి, "ఏంటి వదినగారూ, రష్యా దెయ్యాలన్నిటినీ ఇందులోనే తెచ్చారా?" అన్నాడు.

"మీ ఇంట్లో ఒకటి ఉందని తెలిసి తక్కువే తెచ్చాను" అన్నాను.

దారిలో బజారులో ఆగి నాకు గొంగడి కొన్నాడు. అమ్మేవాడు చెప్పిన ధరకు సగం అడిగాడు మరిది. అమ్మేవాడు గొంగడి మడత పెట్టి లోపల పెట్టేసి, "సలి నాకు కాదు గద సారూ, మీ వదినమ్మకు" అన్నాడు. చెప్పిన ధరే ఇచ్చుకున్నాం. గొర్రె వాసన వేసే ఆ గొంగడి తిరిగొచ్చాక కూడా నేను ఉతకలేదు.

ఝరాసంగం, నల్ల నేల

అమావాస్య రోజు పొద్దున్నే షేర్ ఆటోలో ఝరాసంగం బయల్దేరాం. చెల్లెలు, మరిది, నేను. మా చెల్లెలికి ఎన్నో ఏళ్లుగా కందులూ కూరాకులూ తెచ్చి ఇచ్చే తుల్జమ్మ అక్కడున్న తన చేనుకు రమ్మంది. ఆటో నిండా ఆడవాళ్లే, అందరి ఒళ్లో గంపలు, గంపల మీద తెల్లటి గుడ్డలు. ఒక గంప నా మోకాళ్ల మీద పెట్టేశారు అడక్కుండానే. వేడిగా ఉంది, రొట్టెలన్నమాట. నా చలికి అంత సుఖమైన ప్రయాణం నేను చెయ్యలేదు.

మా వైపు చేలోకి భోజనం తీసుకెళ్లేది కూలీల కోసం. ఇక్కడ ఇళ్లకు తాళాలు వేసి ముసలీ ముతకా అందరూ చేనుకు పోతున్నారు. దారి పొడుగునా ఎడ్లబళ్లు, ట్రాక్టర్లు, బైకులు. ఒకామె కన్నడంలో ఏదో అంటే ఇంకొకామె తెలుగులో తిడితే మూడో ఆమె మరాఠీలో నవ్వింది.

చేను చూసి నేను నిలబడిపోయాను. మాకు వరి ఒక్కటే, కనుచూపు మేర ఒకటే పచ్చ. ఇక్కడ ఒక్క చెక్కలోనే జొన్న, కంది, శనగ, కుసుమ, గట్టు మీద చిక్కుడు. ఏది ఎక్కడ మొదలవుతుందో తెలీదు. జొన్న నా తలకంటే ఎత్తు. మంచుకు తడిసి ఉంది. గట్టు దిగి లోపలికి రెండడుగులు వేశానో లేదో వెనక నుంచి కేక.

"ఓ అక్కా, చెప్పులు ఇడువు. చెప్పులతోటి లోపలికి పోతరా ఇయ్యాల?"

తుల్జమ్మ మొగుడు మొగులప్ప. పలచటి మనిషి, భుజాన గొంగడి. చెప్పులు గట్టున పెట్టి వచ్చాను. వట్టి కాళ్లకు మన్ను ఐసుముక్కలా తగిలింది.

చేను నడుమ జొన్న చొప్పతో చిన్న పందిరి కట్టారు. దాని కింద సున్నం పూసిన అయిదు రాళ్లు. పాండవులట. వాటి ముందు తెచ్చినవన్నీ పెట్టారు: జొన్నరొట్టెలు, సజ్జరొట్టెలు, నువ్వుల పొడి, ఓలిగలనే బొబ్బట్లు, కుండలో మజ్జిగ కలిపిన జొన్న అంబలి, వెల్లుల్లి వాసన కొడుతూ. ఇంకొక పెద్ద గిన్నెలో భజ్జి. భజ్జి అంటే మనం నూనెలో వేసేది కాదు. పచ్చి కంది, పచ్చి శనగ, చిక్కుడు, వంకాయ, పల్లీ, చేలో దొరికిన ప్రతి ఆకూ వేసి చింతపండుతో ఉడికించిన చిక్కటి కూర.

పూజ అయ్యాక మొగులప్ప గొంగడి తలమీద కప్పుకుని అంబలి కుండ పట్టుకున్నాడు. వెనక తుల్జమ్మ నీళ్ల చెంబుతో. రొట్టె ముక్కలు, భజ్జి, అంబలి పైరు మీద చల్లుతూ చేను చుట్టూ తిరిగారు. ఆయన ఒక కేక వేస్తే ఆమె దానికి బదులు కేక వేస్తుంది. పక్క చేలో వాళ్ల కేక, దాని పక్క చేలో వాళ్ల కేక. చాలా దూరం దాకా వినిపిస్తూ పోయింది. జొన్న లోపల మనిషి కనిపించడు, గొంతే కనిపిస్తున్నట్టుంటుంది. నా పొలం తాత అటువైపు నుంచి ఎక్కడో చూస్తున్నాడని నాకు గట్టిగా అనిపించింది. మా మరిదికి ఏమనిపించిందో తెలీదు గాని, ఫోన్ తీసి వీడియో పట్టబోయినవాడు మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

తర్వాత గట్టు మీద కూచుని తిన్నాం. నా చెప్పులు కాకి ఎత్తుకుపోయిందని మొగులప్ప అంటే నమ్మి లేచాను. అందరూ నవ్వారు. చెప్పులు ఆయన గొంగడి కింద ఉన్నాయి.

తింటూ తింటూ తుల్జమ్మను అడిగాను. "తుల్జమ్మా, ఇంకా గింజ గట్టిపడలేదు కదా. ఇప్పుడే ఎందుకు పెట్టడం? కోత అయ్యాక పెట్టాలి. పంట చేతికొచ్చాక. మేమైతే కొత్త ధాన్యం వచ్చాకే దేవుడికి పెడతాం."

తుల్జమ్మ నోట్లో ముద్ద పెట్టుకోబోతూ ఆగింది. నన్ను కింద నుంచి మీదికి చూసింది.

"మీ దిక్కు కన్నంక సీమంతం చేస్తరా అక్కా?"

గట్టు గట్టంతా నవ్వింది. మా చెల్లెలు కూడా నవ్వింది, చూశాను.

"ఇది ఇప్పుడు కడుపుతోటున్నది" అంది తుల్జమ్మ పైరు వైపు తల ఊపి. "గింజల పాలు పోసుకున్నది. దీనికి ఏమేం తినబుద్ధయితదో ఎవరికెర్క? గందుకే ఇన్ని తీర్లు వండి పెడ్తం. రేపు పండుతదో, వాన గొడ్తదో, పురుగు తింటదో మనకేమెర్క? పెట్టేది పెడ్తం."

నేను నమలడం ఆపేశాను. నా దార్య పంట చేతికొచ్చాక రొట్టె పెట్టింది. గాదె నిండాక పెట్టింది. అందులో ఆ పిల్లకు పోయేదేముంది? అంత అడవి దాటి, ముసలిదాని నోట్లోంచి బయటపడి వచ్చిన పిల్ల చేత చివరికి నేను చేయించింది బాకీ తీర్చడం. విజయవాడ ఆయన రోగం సరిగ్గానే చెప్పాడు, మందు తప్పు చెప్పాడు. ఆ అధ్యాయం తీసెయ్యాల్సింది కాదు. కొంచెం ముందుకు జరపాలి. గింజ పాలు పోసుకునే రోజుకి. గాదెలో ఏమీ లేని రోజుకి.

అప్పుడే మొగులప్ప, "అక్కా, కథ చదువుతనన్నవంట గద. కానియ్యి" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. సంచీలోంచి కాగితాలు తీశాను. మళ్లీ లోపల పెట్టాను.

"చదవను" అన్నాను.

"ఎందుకు?"

"ఇందులో ఉన్నది తప్పు. సరిచేసి చదువుతాను."

"పరీక్ష హాలుకొచ్చి ప్రశ్న బాలేదన్నట్టుంది" అన్నాడు మరిది.

తుల్జమ్మ ఒప్పుకోలేదు. "గిదేం లెక్కనే అక్కా, రొట్టెలు తిని కథ ఎగ్గొడ్తవా? ఎల్లుండి మా బిడ్డ పార్వతి ఊరికి రా, మొగుడంపల్లి. అక్కడ కంది కోస్తున్నం. చదవకుంటే నీకు నీళ్లు గూడ పొయ్య."

కోహీర్ జామకాయ

మర్నాడు పొద్దున చెల్లెలి ఇంట్లో గొంగడి కప్పుకుని కూచుని రాశాను. మా చెల్లెలు మూడుసార్లు టీ పెట్టి, నాలుగోసారి పెన్ను లాక్కుని, "కళ్లు పోతాయి, లే" అంది. మరిది స్కూటరు తీశాడు. కోహీర్ జామకాయలు తినకుండా ఎవరూ ఇక్కడి నుంచి పోకూడదట.

రోడ్డు పక్కన తట్టల్లో ఆకులు పరిచి పెట్టారు. కిలో యాభై అంది అమ్మే ఆమె. లోపల ఎర్రగా ఉండేవి వేరే తట్ట, వాటికి పది ఎక్కువ. ఉప్పూ కారం చల్లి ఇచ్చింది. నా పళ్లకు గింజలు పడవు. గుజ్జంతా తిని నడుమ భాగం మరిదికి ఇచ్చాను. ఏమనకుండా తిన్నాడు. అది చూసి ఇవాళ మాట్లాడొచ్చనిపించింది. కథ మార్పు చెప్పాను. గాదెలో తిండి లేదు, ఇంట్లో ఉన్నది ఒక్క రొట్టె, అది తమ్ముడి కోసం దాచింది, పైరు ఇంకా పచ్చిగా ఉంది, దార్య ఆ రొట్టె తీసుకెళ్లి పొలానికి పెట్టేస్తుంది.

"మూర్ఖత్వం" అన్నాడు.

"మూర్ఖత్వమే."

"తాత తిరిగొచ్చాడని తెలిస్తే అది వేరు. తెలుసా ఆ పిల్లకి?"

"తెలీదు."

"మరి ఏ ధైర్యంతో పెడుతుంది?"

"మరిదిగారూ, మీరు నిన్న వీడియో తీయబోయి ఎందుకు మానేశారు?"

ఆయన జామ గింజలు ఉమ్మేసి మూతి తుడుచుకున్నాడు. స్కూటరు ఎక్కాడు. ఎక్కాక, "తాతని మాత్రం చూపించకండి వదినగారూ. చూపిస్తే పాడవుతుంది" అన్నాడు. ముప్ఫై ఏళ్లలో ఆయన చెప్పిన మాట నేను మారు మాట్లాడకుండా ఒప్పుకున్నది అదొక్కటే. తాత చేలో కనబడే నాలుగు వాక్యాలు ఆ సాయంత్రం కొట్టేశాను.

మొగుడంపల్లి, కంది చేను

మొగుడంపల్లిలో కంది ఎండి గలగలమంటోంది. ఆడవాళ్లు వంగి కొడవళ్లతో కోస్తూ కుప్పలు వేస్తున్నారు. మా వైపు వరికోతలు మిషన్ల పాలై చాలా కాలమైంది. ఆడవాళ్ల వరస ఒకటి ముందుకు జరుగుతూ పోవడం చూసి ఎన్నాళ్లయిందో. నేనూ ఒక కొడవలి అడిగాను. పార్వతి ఇవ్వలేదు. "పెద్దమ్మా, నువ్వు కథ కొయ్యి, చాలు" అంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మొదలెట్టాను. తుల్జమ్మ, పార్వతి, మొగులప్ప, కోతకొచ్చిన ఆడవాళ్లు. వాళ్లలో అంజమ్మ అని ఒకామె ఉంది, అందరికంటే గొంతు పెద్దది. ముందు జరిగిన కథంతా నోటితో చెప్పాను. కోడికాళ్ల గుడిసె దగ్గర అంజమ్మ, "గుడ్లు పెడ్తదా గది?" అంది. పెట్టదన్నాను. "మరి ఏం ఫాయిదా" అంది. మంచు గురించి చెబితే, "మా మొగుడంపల్లి సలి కన్న ఎక్కువుంటదా?" అంది. నా గొంగడి చూసి తనే నవ్వుకుంది.

చివరి అధ్యాయం కాగితాల్లోంచి చదివాను. నేను చదివేది నెమ్మదిగా, వేలు పెట్టి. ఎవరికీ తొందరలేదు. దార్య గుడ్డలో చుట్టిన రొట్టె తీసుకుని గడప దాటే చోటికి వచ్చేసరికి అంజమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. తమ్ముడున్నడు గద ఇంట్ల?"

"ఉన్నాడు."

"వాడు నిన్నటి సంది తిన్నడా?"

"తినలేదు."

"మరి వానికి పెట్టక పొలానికి పెడ్తదా? అక్కనేనా అది?"

"పెట్టనియ్యవే" అంది తుల్జమ్మ. "రొట్టె వాడు తింటే ఇయ్యాల బతుకుతడు. పొలం తింటే ఏడాది బతుకుతడు."

"పొలం తింటదని ఏం గ్యారంటీ?"

"నువ్వు మొన్న మీ చేన్ల అంబలి చల్లినవు గద. నీకు గ్యారంటీ రాసిచ్చిన్రా?"

ఇక చూడండి. ఉన్నవాళ్లు రెండు ముక్కలైపోయారు. సగం మంది తమ్ముడి వైపు, సగం మంది పొలం వైపు. పార్వతి తల్లికి ఎదురు తిరిగి తమ్ముడి వైపు పోయింది. మొగులప్ప సగం రొట్టె వాడికి, సగం పొలానికి అన్నాడు. రెండు వైపులవాళ్లూ కలిసి ఆయన్ని తిట్టారు. నేను కాగితాలు ఒళ్లో పెట్టుకుని కూచున్నాను. విజయవాడలో ఎవరు నమ్ముతారు అని అడిగారే, ఆ ఆడపిల్ల కోసం ఇక్కడ కొడవళ్లు పక్కన పెట్టి కొట్టుకుంటున్నారు. డెబ్బై ఒక్క ఏళ్ల బతుకులో నా కడుపు అంతలా నిండింది ఎప్పుడూ లేదు. పెళ్లినాడు కూడా.

చివరికి అంజమ్మే, "సప్పుడు చెయ్యకున్రి. ఆమె ఏం జేసిందో చదవనియ్యిన్రి" అంది.

చదివాను. దార్య రొట్టెను సగం చెయ్యలేదు. మొత్తం ముక్కలు చేసి పాలు పోసుకుంటున్న కంకుల మీద చల్లుతూ పొలం చుట్టూ తిరిగింది. తాతా, నువ్వున్నావో లేవో నాకు తెలీదు, ఇది నీ వాటా, అంది. వెనక్కి చూడకుండా నడిచింది. గాలి లేదు. ఆమె దాటిపోయిన ప్రతి చోటా వెనక కంకులు ఒక్కొక్కటే తల వంచాయి. ఆమె చూడలేదు.

ఇంటికి పోయేసరికి తమ్ముడు గడప మీద కూచుని ఉన్నాడు. నోటి చుట్టూ మసి. ఒళ్లో కాల్చిన పచ్చి కంకులు. ఎవరిచ్చారురా అంటే, ఎవరో తాత వచ్చాడక్కా, నిప్పు చేసి కాల్చి ఇచ్చి పోయాడు, అన్నాడు. ఒక కన్ను నీలం, ఒక కన్ను పచ్చ.

కాగితం మడిచాను.

అంజమ్మ ముందు లేచింది. కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఊకె ఏడిపిస్తరు" అని కొడవలి తీసుకుని వరసలోకి పోయింది. నాలుగడుగులు వేసి మళ్లీ వచ్చింది. "తాత వానికి ముందే పెట్టిండా, ఈమె రొట్టె చల్లినంకనే పెట్టిండా?"

"నీకెట్లా కావాలంటే అట్లా అనుకో" అన్నాను.

"ముందే పెట్టిండు" అంది తుల్జమ్మ.

"చల్లినంకనే" అంది అంజమ్మ. ఆ పంచాయితీ పొద్దుగూకే దాకా వరసలో వినబడుతూనే ఉంది.

ఫోన్

పొద్దుగూకాక పార్వతి ఇంట్లో టీ తాగుతుండగా విజయవాడ ఆయనే ఫోన్ చేశాడు. "అమ్మా, ప్రెస్సువాళ్లు అడుగుతున్నారు. చివరి అధ్యాయం తీసేసినట్టేనా?"

"కాస్త కూచోండి" అన్నాను. అధ్యాయం మొత్తం ఫోన్లో చదివాను. నడుమలో రెండుసార్లు లైను పోయింది, రెండుసార్లూ ఆయనే మళ్లీ చేశాడు. అయిపోయింది. ఆయన ఏమంటాడో అని ఆగే ఓపిక లేక తుల్జమ్మ ఫోన్ లాక్కుంది.

"సారూ, ఇన్నవా? గిది తీసేస్తనంటివంట. తీసెయ్యకు."

అవతలి నుంచి, "మీరెవరండీ?" అని వినబడింది.

"నేనా? పొలం గలదాన్ని" అని ఫోన్ నా చేతిలో పెట్టేసింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "వేద్దామమ్మా. ఒక్క అక్షరం కూడా ముట్టను, ఉన్నది ఉన్నట్టే. ఇంతకీ ఎవరు దిద్దిపెట్టారు మీకు?"

"ఎవరూ దిద్దలేదండీ. చేలో కూచుని భోజనం చేశాను. తర్వాత రాశాను" అన్నాను.

ఫోన్ పెట్టేసి, పార్వతిని ఇంకో జొన్నరొట్టె అడిగాను.